స్పాంజి వరిచేను

మా మిక్సీకి చిన్న జార్ ఒకటుంది. పచ్చళ్ళ జార్. దాన్ని నేను తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయనకు తెలుసు, మా అబ్బాయి రవికి తెలుసు, గోడ అవతల ఉన్న సరోజినికి కూడా తెలుసు. మా కోడలు ఫణిశ్రీకి మాత్రం తెలియదు. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఇంకా తెలియలేదంటే అది తెలియకపోవడం కాదు, లక్ష్యం లేకపోవడం.

ఆ రోజు ఉదయం ఇడ్లీలు దించి జార్ మూత తీస్తే లోపల పచ్చగా కొత్తిమీర పచ్చడి ఉంది. ఇన్నాళ్ళకు కోడలు నాకంటే ముందు లేచి ఒక పనికొచ్చే పని చేసిందని మనసులో మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలు ఇప్పటికీ వెనక్కి తీసేసుకోవాలనిపిస్తుంది. మా ఆయన చిన్నారావు గారి ప్లేటులో రెండు చెంచాలు వేశాను. ఆయన రైల్వేలో, వ్యాగన్లు బాగుచేసే షాపులో, ముప్పై మూడేళ్ళు పనిచేసి అక్కడి క్యాంటీన్ తిండి తిని రిటైరైన మనిషి. ఏం పెట్టినా వంక పెట్టరు. ఇడ్లీ ముక్క అద్దుకుని నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఇంకా నమిలారు.

"ఏటే, కొత్తిమీర ముదిరిపోయిందేటి? ఎంత నమిలినా అలాగే ఉంది" అన్నారు చివరికి.

అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చిన ఫణి కెవ్వున అరిచింది. "మావయ్యా, ఉమ్మీయండి! అవి చెట్లు!"

చెట్లట! మా దివాను మీద పాత పరుపు ఒకటుండేది. దాని స్పాంజి ముక్కలుగా చింపి, నీళ్ళలో నానబెట్టి, నా జార్‌లో వేసి తిప్పి, ఆకుపచ్చ పోస్టర్ కలరూ కాస్త జిగురూ కలిపిందట. పిండి ఆరబెడితే పొడిపొడిగా ఆకుల్లా వస్తుందట. తీగలు మెలిపెట్టి కొమ్మలు చేసి వాటికి ఈ పొడి అంటిస్తే మామిడి చెట్లట.

"స్పాంజి రుబ్బడానికి నా జారే దొరికిందా?" అన్నాను.

"పెద్ద జార్‌లో అయితే సరిగ్గా నలగదు అత్తా. చిన్నదాంట్లోనే బారీక్‌గా వస్తాది."

"అవును మరి, నా పచ్చడీ అందుకే అంత మెత్తగా, బారీక్‌గా వస్తాది. ఇప్పుడు ఆ జార్‌లో మినప్పప్పు వేస్తే ఏ చెట్టు మొలుస్తాదో!"

మా ఆయన లేచి వెళ్ళి ఏడెనిమిది సార్లు పుక్కిలించారు. రెండు రోజుల పాటు ఆయన నాలుక చిలకపచ్చగానే ఉంది.

ఇంత గొడవా ఎందుకంటే, ఫణి తెలీబంధా వైపు ఒక ప్రైవేటు స్కూల్లో క్రాఫ్ట్ టీచరు. మూడేళ్ళుగా కాంట్రాక్టు మీద చేస్తోంది. ప్రతి ఏప్రిల్లోనూ ఉంటుందో ఊడుతుందో అని గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటుంది. ఆ ఏడు ఒక క్రాఫ్ట్ పోస్టు పర్మనెంటు చేస్తారన్నారు. దానికి ఇద్దరు టీచర్లు ఆశపడుతున్నారు. ఫిబ్రవరిలో స్కూల్ ఎగ్జిబిషన్ ఉంది కదా, అందులో ఇద్దరి మోడళ్ళూ చూసి చెబుతానంది ప్రిన్సిపాల్ మేడమ్. ఫణి తీసుకున్న విషయం 'ధాన్ కా కటోరా'. మన ఛత్తీస్‌గఢ్‌ను అందరూ ధాన్యపు గిన్నె అంటారు కదా, ఆ లెక్కన నాలుగడుగుల ప్లైవుడ్ బల్ల మీద ఒక పల్లె, చెరువు, చెట్లు, చుట్టూ కోతకు వచ్చిన వరిచేలు. అన్నీ స్పాంజితోనే.

నాకు ఆ ఉద్యోగం పర్మనెంటు కావాలని ఉందా అంటే, నిజం చెబుతాను, అప్పటికి లేదు. రవి సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో తిరుగుతాడు. ఇది స్కూలుకు పోతుంది. ఇక వంటిల్లు ఎవరిది? ఆ మాటే ఒకనాడు గోడ దగ్గర సరోజినితో అన్నాను. "దానికి ఉద్యోగం పర్మనెంటయితే నాకు పొయ్యి దగ్గర డ్యూటీ పర్మనెంటే" అని. వెనక్కి తిరిగితే ఫణి తీగ మీద బట్టలు ఆరేస్తోంది. విన్నదో లేదో తెలియలేదు. అది ఏమీ అనలేదు. అనేస్తే నాలుగు మాటలు అనుకుని సర్దుకునేవాళ్ళం.

ఆకుపచ్చ బాగానే కుదిరింది. చెట్లు చూస్తే, నా జార్ సంగతి పక్కన పెడితే, ముచ్చటేసింది. పసుపు రంగు దగ్గర మాత్రం వ్యవహారం చెడింది. ఆకుపచ్చ రుబ్బిన జార్ సరిగ్గా కడగకుండా అందులోనే వరిచేను స్పాంజి వేసి పసుపు కలర్ పోసింది. పాలిపోయి, మధ్యలో పచ్చమచ్చలతో ఏదో వచ్చింది.

"ఇది పండిన చేనా? కామెర్లు వచ్చిన చేనులాగుంది" అన్నాను.

"ఆరేక ఠీక్ అయిపోతాది అత్తా" అంది గాని, దాని గొంతులో నమ్మకం లేదు. సీసాలో పసుపు కలర్ అయిపోయింది. ఎగ్జిబిషన్‌కు మూడు రోజులే ఉంది. సాయంత్రం వస్తూ కలర్ కొంటానని స్కూలుకు పోయింది.

నేను బొబ్బిలి దగ్గర రైతు ఇంట్లో పుట్టాను. పండిన వరి రంగు ఏమిటో ఒక సీసా నాకు చెప్పక్కర్లేదు. మా తమ్ముడు బంగారయ్య ఏటా పాడేరు నుంచి కొండ పసుపు కొమ్ములు పంపుతాడు. వాటిని నేనే ఎండబెట్టి ఆడిస్తాను. మేముండే ఈ మోవాలో ఎన్ని తెలుగు కుటుంబాలున్నాయో, ఎవరింట్లో శుభకార్యమైనా పసుపు నా దగ్గర నుంచే వెళుతుంది. అంత పసుపు ఇంట్లో పెట్టుకుని సీసా రంగు కోసం దేవులాడటం నాకు నచ్చలేదు. కోడలికి సాయం చేద్దామనుకున్నానా, నా చెయ్యి ఏమిటో చూపిద్దామనుకున్నానా అంటే, రెండూను.

మిగిలిన పరుపు స్పాంజి తుంపి, నానబెట్టి, జార్ ఎలాగూ పోయింది కనుక అందులోనే తిప్పాను. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి నాలుగు గరిటెల పసుపు వేసి, స్పాంజి అందులో పడేసి ఉడికించాను. పాత పంచెలో మూటగట్టి పిండాను. డాబా మీద పేపర్లు పరిచి ఆరబోశాను. గాలికి కొంత పొడి లేచి సరోజిని వాళ్ళ వడియాల మీద పడింది. ఆవిడ అరిచిన అరుపులకు నేను జవాబు చెప్పలేదు, పని మీదున్నాను కనుక. మధ్యాహ్నానికి ఆరింది. ఏం రంగు! కోతకు రెండు రోజుల ముందు చేను ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే ఉంది.

సాయంత్రం ఫణి వచ్చి చూసి చేతిలో సంచి కింద పెట్టేసింది. పొడి గుప్పిట్లోకి తీసుకుని వేళ్ళ మధ్య రాల్చింది. "అత్తా! ఇదే కలర్ అత్తా నాకు కావల్సింది! ఏ దుకానంలో దొరికింది?"

పసుపు అని చెప్పవచ్చు. ఒక్క మాట. కానీ నాలుగేళ్ళలో అది నన్ను అంత కళ్ళు విప్పార్చుకుని చూడటం అదే మొదలు. ఆ చూపు ఇంకొంచెంసేపు ఉండనీ అనిపించింది.

"నా చేతి రంగు. నీకెందుకు, అంటించుకో" అన్నాను.

అది కిసుక్కున నవ్వి అంటించుకుంది. రెండు రోజులూ అది స్కూలు నుంచి రాగానే ఇద్దరం కింద కూర్చుని అంటించాం. నేను జిగురు రాయడం, అది పొడి చల్లి అరచేత్తో అదమడం. ఇంట్లో ఒక్క మాట పెద్దగా వినబడలేదు. మా ఆయనకు అనుమానం వచ్చి రెండు సార్లు తొంగి చూసి వెళ్ళారు.

ఆయన చూపు ఊరికే పోలేదు. ఎగ్జిబిషన్ రోజు ఉదయం ఫణి చీర కట్టుకుంటోంది, నేను వంటింట్లో పులిహోర కలుపుతున్నాను. ఆయన స్కేలు, కాగితపు పొట్లం పట్టుకుని బల్ల ముందు కూర్చున్నారు. రైల్వే వాళ్ళ సంగతి మీకు తెలియదేమో చెబుతాను. పై నుంచి ఎవరైనా పెద్ద ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నాడంటే వాళ్ళు చేసే మొదటి పని సున్నం వేయడం. దారి పక్క రాళ్ళకు సున్నం, చెట్ల మొదళ్ళకు సున్నం, పూల కుండీలకు సున్నం. అటు వెళ్తూ కదలకుండా కూర్చున్న కుక్క ఉంటే దానికీ వేస్తారు. ముప్పై మూడేళ్ళు ఆ పని చేసిన మనిషికి, ఇవాళ కోడలి మోడల్ చూడ్డానికి చీఫ్ గెస్ట్ వస్తున్నాడని తెలిశాక చెయ్యి ఊరుకుంటుందా?

నేను చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి చేల మధ్య గట్లన్నీ తెల్లగా, నిటారుగా తీర్చి ఉన్నాయి. పొడి సున్నం స్కేలు పక్కన సన్నగా జార్చి ఒక్క గీత వంకర లేకుండా వేశారు.

"గట్లు లేని పొలం ఏటి పొలమే? అందుకే వేసేను" అన్నారు.

"ఈ ఇంట్లో మీరు చేసిన మొదటి మంచి పని" అని మెచ్చుకున్నాను కూడా. ఆ వారంలో నేను చేసిన రెండో తప్పు మెచ్చుకోలు అది.

ముగ్గురం ఈ-రిక్షా ఎక్కాం. బల్ల మా ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాం. మోవా దాటేదాకా రోడ్డు ఎలా ఉంటుందో అక్కడ తిరిగే నడుములకు తెలుసు. ప్రతి గుంటకూ బల్ల ఒక గంతు వేసింది. గంతు గంతుకూ సున్నం గట్ల మీద నుంచి లేచి చేల మీద పడింది. స్కూల్ హాల్లో దించి చూస్తే చేనంతా తెల్లగా, మంచు కురిసినట్టు ఉంది. హాలు గుమ్మం దగ్గర ముగ్గులు వేశారని చెప్పులు బయటే విప్పించారు. ఫణి వట్టి కాళ్ళతో అటూ ఇటూ తిరుగుతూ కుంచెతో దులపబోయింది. దులిపిన కొద్దీ పొడి లోపలికి దిగింది.

"ఫికర్ లేదు అత్తా, నీళ్ళు కొట్టీస్తే పోతాది" అని పూలకు చల్లే స్ప్రే సీసా తీసి చేను నిండా చిమ్మింది.

మొదట ఒక మూల ఎర్రబడింది. తర్వాత మడి తర్వాత మడి. నేను కళ్ళు నులుముకునేలోపు మొత్తం చేను నెత్తురు రంగుకు తిరిగింది. పల్లె మధ్యలో చెరువు ఒక్కటే నీలంగా మిగిలింది.

ఆ రంగు నాకు తెలియనిదా! పసుపులో సున్నం కలిపి తడిపితే వచ్చేది అదే. కాలనీలో ప్రతి పెళ్ళికూతురి కాళ్ళకూ పారాణి కలిపేది నేను. ఎవరికి దిష్టి తగిలినా పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపి తీసేది నేను. పసుపు నా చేత్తో వేశాను, సున్నం నా కళ్ళతో చూశాను. అయినా నా బుర్రకు తట్టలేదు. ఎందుకంటే అక్కడ నాకు కనిపించింది వరిచేనూ గట్లూ. రంగులు కలిపే దానిలా చూడలేదు, రైతు కూతురిలా చూసి మురిసిపోయాను.

ఆ మొదటి క్షణంలో ఇంకోటి కూడా జరిగింది. చెప్పకుండా దాటేయవచ్చు, కానీ చెబుతాను. ఆ ఎరుపు చూడగానే నా మనసులో ఒక మూల 'పోనీ' అనిపించింది. పోతే పోయింది, ఇంట్లోనే ఉంటుంది అనిపించింది.

ఫణి నా వైపు తిరిగింది. మొహంలో రంగు లేదు. "అత్తా, ఏటి కలిపేరు అందులో?"

"పసుపు."

అది అరవకుండా, చాలా మెల్లగా అడిగింది. "కావాలనే చేసేరా?"

అంటే ఆ రోజు బట్టలు ఆరేస్తూ విన్నదన్నమాట! విని, ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని, నా పక్కనే కూర్చుని జిగురు రాయించుకుందన్నమాట. నా చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మా ఆయన "సున్నం నానే వేసేనమ్మా, మీ అత్తకేటి తెలీదు" అని గొణుగుతున్నారు. నేను వినలేదు. పారాణి చీర మీద పడితే మేం ఏం చేస్తాం? నిమ్మచెక్క రుద్దుతాం. ఎరుపు విరిగి మళ్ళీ పసుపు తేలుతుంది. గేటు బయట నిమ్మరసం అమ్మే షికంజీ బండి చూసినట్టు గుర్తు. పరిగెత్తాను. అరవై ఒకటో ఏట, కీళ్ళ నొప్పులు పెట్టుకుని, కంకర పరిచిన ఆవరణలో పరిగెత్తాను.

"భయ్యా, నింబూ! సారే నింబూ!" అన్నాను. ఆ షికంజీ వాడు నీళ్ళు, ఉప్పు, జీలకర్ర పొడి తీయబోయాడు. "పానీ నహీ, నమక్ నహీ, సిర్ఫ్ రస్ నికాలో!" అని, వట్టి రసమే పిండమని అరిచాను. వాడు భయపడి ఉన్న కాయలన్నీ పిండి ప్లాస్టిక్ సీసాలో పోసి ఇచ్చాడు. డబ్బులు మా ఆయన ఇస్తారని చెప్పి మళ్ళీ పరిగెత్తాను.

నేను హాల్లోకి వచ్చేసరికి చీఫ్ గెస్ట్ ముందే వచ్చేశాడు. వీరేంద్ర సాహబ్ అట, వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. మా బల్ల ముందే నిలబడి ఉన్నాడు. ప్రిన్సిపాల్ మేడమ్ మొహం మాడ్చుకుని అడుగుతోంది. "ఫణిశ్రీ జీ, యే క్యా హై? ఖేత్ మే ఆగ్ లగీ హై క్యా?"

పొలం తగలబడిందా అని! ఫణి చేతిలోని స్ప్రే సీసా లాక్కున్నాను. నీళ్ళు పారబోసి నిమ్మరసం నింపాను.

"రుకో సాహబ్" అన్నాను. "అభీ పకేగా."

ఇంకా పండలేదు, ఇప్పుడు పండుతుంది అని చెప్పాననుకోండి. మొదటి మడి మీద చిమ్మాను. ఎరుపు విరిగింది. గింజ గింజగా బంగారు రంగు పైకి వచ్చింది. రెండో మడి, మూడో మడి. పిల్లలందరూ మూగేశారు. ఒకమ్మాయి చప్పట్లు కొట్టింది. గట్ల మీద రసం పడి సున్నం బుసబుస పొంగి కరిగిపోయింది.

"నా గట్లు!" అన్నారు మా ఆయన వెనక నుంచి. ఎవరూ పట్టించుకోలేదు.

చేనంతా పండాక వీరేంద్ర సాహబ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. "మాతాజీ, ఫిర్ సే కరో" అన్నాడు.

మళ్ళీ చేయమంటే మళ్ళీ సున్నం కావాలి. మా ఆయన జేబులోంచి పొట్లం తీశారు. ఆ మనిషి మిగిలిన సున్నం జేబులో వేసుకుని వచ్చారు చూడండి, అదీ రైల్వే అంటే. ఆయన సున్నం జల్లడం, ఫణి నీళ్ళు చిమ్మడం, నేను నిమ్మరసంతో పండించడం. ఆ రోజు సాయంత్రం నాలుగు దాకా ఆ చేను పదిహేను సార్లు ఎర్రబడి పదిహేను సార్లు పండింది. షికంజీ వాడు మార్కెట్‌కు వెళ్ళి ఇంకో సంచి నిమ్మకాయలు తెచ్చుకున్నాడు. సైన్స్ టీచరు ఒకావిడ వచ్చి ఇందులో ఉన్న రసాయనాల పేర్లు చెప్పింది. నేను తలూపాను. నాకు తెలిసినవి మూడే, మూడూ నా వంటింట్లోవే.

వెళ్ళేముందు ప్రిన్సిపాల్ మేడమ్ ఫణిని అడిగింది, ఈ ఐడియా ఎవరిదని. 'ఇది నా ఐడియా' అని చెప్పుకో, చెప్పుకో అని నేను దానికి కళ్ళతో సైగ చేస్తున్నాను. ఈ పిచ్చిది నిజం చెప్పేసింది. "గల్తీ హమ్ తీనోం కీ థీ మేడమ్. ఐడియా మేరీ సాస్ కా" అంది. తప్పు ముగ్గురిదీ, ఉపాయం అత్తదీ అని. మేడమ్ కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. ఈ-రిక్షాలో వస్తూ దాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. అది గంతులేసే బల్లను గట్టిగా పట్టుకుని కూర్చుంది. కావాలనే చేశారా అన్న మాటను మాత్రం దారిలో ఇద్దరం ఎత్తలేదు.

తర్వాత పది రోజులు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. రోజూ అది గేటు తీసే చప్పుడికి నేనే ముందు వెళ్ళి మొహం చూసేదాన్ని. ఏ ఉద్యోగం రాకూడదనుకున్నానో దాని కోసం సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నాను. పదకొండో రోజు అది గేటు దగ్గర నుంచే కాగితం ఊపుతూ వచ్చింది. పర్మనెంటు! కింద మేడమ్ పెన్నుతో ఒక మాట రాసింది, వచ్చే ఏడు ఎగ్జిబిషన్‌కు మాతాజీని కూడా తీసుకురమ్మని.

"గుమ్మం బయటే ఉండు" అని అరిచాను. "లోపలికి అడుగెట్టేవంటే చూడు!" పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు వేశాను. "ఏవండీ, కాస్త సున్నం ఇలా పట్రండి" అన్నాను. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయన సున్నాన్ని నేను అడగడం అదే మొదలు. ఆయన పరుగున తెచ్చారు.

ఎర్రనీళ్ళు దాని చుట్టూ తిప్పుతుంటే ఫణి తల దించుకుని అంది. "అత్తా, ఆ రోజు అలా అడిగీసేను. మాఫ్ చెయ్యండి."

నా చేతిలో పళ్ళెం ఆగింది. "అడిగితే అడిగేవులే. నీకో మాట చెప్పాల. ఆ ఎరుపు చూడగానే ముందు నాకు పోనీ అనిపించింది. ఒక్క క్షణమే. కానీ అనిపించింది."

అది తలెత్తి చూసింది. కోపం వస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"మీ చెప్పులు హాలు బయట నా చెప్పుల పక్కనే ఉన్నాయి అత్తా" అంది. "నిమ్మకాయలకి మీరు వట్టి కాళ్ళతో పరిగెట్టేరు, ఆ కంకర మీద. పోనీ అనుకున్నోళ్ళు చెప్పులు తొడుక్కునే ఎల్తారు."

నాకు అప్పటిదాకా ఆ సంగతే గుర్తులేదు. అరికాలు రెండు రోజులు మంట పుడితే షుగర్ వచ్చిందనుకున్నాను. ఎర్రనీళ్ళు రోడ్డు మీద పారబోసే వంకతో అటు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. గోడ మీద నుంచి సరోజిని ఏమైంది ఏమైంది అని అడుగుతోంది. "మా కోడలికి ఉద్యోగం పర్మనెంటు!" అని వీధి చివరిదాకా వినబడేలా చెప్పాను.

మర్నాడు పచ్చళ్ళ జార్ కడిగి, తుడిచి, ఫణి రంగుల డబ్బాల పక్కన పెట్టేశాను. అది ఇక దానిదే. నాకు కొత్త జార్ ఒకటి తెప్పించుకున్నాను. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.